ఉభయ పక్షాల హవల్దార్ సాబ్

మొన్న టీవీలో ఒక చర్చ చూశాను. యుద్ధాలు జరిగే చోటికి అన్ని దేశాలూ కలిసి పంపే శాంతిసేనలకు ఇక భవిష్యత్తు ఉందా, లేదా అన్నది విషయం. నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. మొదటి రెండు నిమిషాలు శాంతి గురించి శాంతంగానే మాట్లాడారు. మూడో నిమిషంలో ఒకాయన ఇంకొకాయన వైపు వేలు చూపించాడు. ఐదో నిమిషానికి నలుగురి మెడ నరాలూ సొరకాయ తీగల్లా ఉబ్బి, యాంకరమ్మ ప్రకటనలకు వెళ్ళిందో, బల్ల కిందికే వెళ్ళిందో తెలియకుండా పోయింది. మా ఆవిడ రిమోట్ లాక్కుని, "వీళ్ళ నడుమ కూసోవెట్టనీకి మన హవల్దార్ సాబ్ ఉంటె మంచిగుండు" అన్నది.

ఆ మాటతో నాకు టీవీ కనపడడం మానేసింది. ఆయన పోయి నాలుగేళ్ళు దాటింది.

పేరు చెప్పను. చెప్పినా మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా ఎవరూ గుర్తుపట్టరు. రేషను కార్డులో తప్ప ఆ పేరు ఇంకెక్కడా బతికి లేదు. సరిహద్దుల్లో ఇరవై చిల్లర ఏళ్ళు తుపాకి మోసిన మనిషి. అందులో ఒక్కటంటే ఒక్క ఏడాది నీలి టోపీ పెట్టుకుని ఆఫ్రికాలో శాంతిసేనలో పనిచేశాడు. మిగతా ఏళ్ళ గురించి ఒక ముక్క మాట్లాడగా నేను వినలేదు. ఆ ఒక్క ఏడాదిని మాత్రం చచ్చేదాకా నెత్తిన పెట్టుకుని తిరిగాడు. అక్షరాలా నెత్తినే. ఆ నీలి టోపీ లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లోకంలో ఇద్దరే, ఆయన భార్య, మంగలి. ఉతికి ఉతికి ఆ నీలం గంజినీళ్ళ రంగుకు దిగింది. అయినా టోపీని అడిగితే మాత్రం నీలమనే చెప్పేది, అంత క్రమశిక్షణ గల టోపీ.

అవి మా వైపు భూములకు రెక్కలొచ్చిన రోజులు. అటు మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ లేస్తే, ఇటు మా మండలాల్లో పది జతల అన్నదమ్ములు మాటలు మానేసేవారు. ఛాయ్ మొదలుపెట్టినప్పుడు ఎకరానికి ఒక ధర చెప్పిన బ్రోకరు గ్లాసు కింద పెట్టేసరికి ఇంకో ధర చెప్పేవాడు. నేను చేవెళ్ళలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట బల్ల వేసుకున్న దస్తావేజుల రైటరును. నా బల్ల కాళ్ళు ఆ నాలుగైదేళ్ళలో ఆరుసార్లు విరిగాయి. ఒక్కసారి కూడా బరువుకు విరగలేదు, మనుషులు దాని మీద ఒకరినొకరు పడేసుకోవడం వల్లే విరిగాయి.

అట్లా మూడోసారి విరుగుతున్నప్పుడే హవల్దార్ సాబ్ నాకు పరిచయమయ్యాడు. ఇద్దరు దాయాదులు ఒకరి కాలర్ ఒకరు పట్టుకుని నా సిరా పెట్టె మీద దొర్లుతున్నారు. నేను స్టాంపు కాగితాలను గుండెకు హత్తుకుని, చంటిపిల్లను వరదలోంచి మోసుకెళ్ళే తల్లిలా నిలబడి ఉన్నాను. అప్పుడు ఒక మోపెడ్ వచ్చి ఆగింది. వెనకాల తాడుతో కట్టిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. దిగినాయన తాడు విప్పి, కుర్చీ చేత పట్టుకుని, దొర్లుతున్న ఇద్దరి మీదికి వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"నడుమ కూసోవాలంటె మీ ఇద్దరి సమ్మతి కావాలె. ఉన్నదా?"

కిందున్నవాడు "ఉన్నది సాబ్, జర జల్ది కూసో" అన్నాడు. పైనున్నవాడు మాత్రం "ఎవనివయ్య నువ్వు? నాకు లేదు సమ్మతి" అన్నాడు.

ఇంకెవరైనా అయితే పైవాణ్ని ఒక్క గుంజు గుంజేవారు. ఈయన కుర్చీ ఎత్తుకుని, పది అడుగులు లెక్కపెట్టి వెనక్కి నడిచి, అక్కడ వేసుకుని కూర్చున్నాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, గడియారం చూసి, రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే ఉన్నాడు. కాసేపటికి పైవాడికి అనుమానం వచ్చింది.

"ఏం రాస్తున్నవే?"

"జరిగింది రాస్తున్న. ఇనుండ్రి. పదకొండు గంటల ఐదు నిమిషాలకు తూర్పు పక్షం వారు పడమటి పక్షం వారి చెవి కొరికినారు. పదకొండు గంటల ఏడు నిమిషాలకు పడమటి పక్షం వారు ఒక చెప్పు ప్రయోగించినారు. చెప్పు లక్ష్యానికి తగలలేదు. పక్కన శెనగలమ్మే అవ్వకు తగిలింది. అవ్వ తటస్థురాలు."

అవ్వ పకపకా నవ్వింది. ఆమె నవ్వితే జనం నవ్వారు. జనం నవ్వితే కిందున్నవాడికి నవ్వొచ్చింది. ఎదుటివాడు కింద పడి నవ్వుతుంటే ఇంకా ఎంతసేపని గుద్దుతాం? పైవాడు లేచి చొక్కా దులుపుకుని, "సరే, వేస్కో నీ కుర్సి" అన్నాడు.

అదీ ఆయన పద్ధతి. చేయి ఎత్తడు, గొంతు ఎత్తడు, ఎవరిది తప్పో చెప్పడు. ఉభయుల సమ్మతితో ఇద్దరి మధ్యా కూర్చుంటాడు, చూస్తాడు, రాస్తాడు. మొగుడూ పెళ్ళాల గొడవైనా సరే, ఆయన నోట్లో వాళ్ళు 'ఉభయ పక్షాలు' అయిపోవాల్సిందే. అన్నిటికన్నా గట్టి నియమం ఛాయ్ విషయంలో. ఒక పక్షం ఇంట్లో ఒక కప్పు తాగితే, రెండో పక్షం ఇంట్లోనూ ఒక కప్పు తాగాలి, ఒక గుటక ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇద్దరన్నదమ్ములైతే రెండు కప్పులతో పోయేది. ఒకసారి కనకమామిడి దగ్గర ఏడుగురన్నదమ్ముల పంపకానికి వెళ్ళి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడు విడతలు చర్చలు జరిపి, ఇరవై ఒక్క కప్పులు తాగి, వారం రోజులు కన్ను మూతపడక, చేవెళ్ళలో ఎదురొచ్చిన ప్రతి కరెంటు స్తంభానికీ సెల్యూట్ కొట్టాడు. ఇందులో స్తంభాల సంగతి నేను కొంచెం పెంచి ఉండవచ్చు. కప్పుల సంగతి నిజం.

ఊళ్ళో అందరూ ఆయన్ను మెచ్చుకున్నారనుకోకండి. "కొట్లాట ఆపని పోలీసు, తీర్పు చెప్పని పెద్దమనిషి, ఏం ఫాయిదా?" అని మొహం మీదే అనేవాళ్ళు. నేనూ అన్నాను.

"మేము లొల్లి తెంపం రైటర్ సాబ్. లొల్లి చేసెటోళ్ళకు జర టైమిస్తం" అన్నాడు. "ఆఫ్రికల మా చేతుల తుపాకులుండె. గని కాల్చనీకి ఆర్డర్ లేకుండె. మా దగ్గర ఉన్నదంతా టైమే. గది పంచినం."

ఆ టైము పంచడమే ఆయనకు ప్రాణాల మీదికి వచ్చింది, యాదయ్య టమాట తోట దగ్గర.

నర్సింలు, యాదయ్య అన్నదమ్ములు. మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కనే మూడెకరాలు, చెరి సగం. బోరు మాత్రం ఒక్కటే, అది పెద్దవాడైన నర్సింలు సగంలో పడింది. తండ్రి ఉన్న రోజుల నుంచి నీళ్ళు ఆ బోరు నుంచి కాలువలో ఇద్దరి మళ్ళకూ పారేవి. ఆ ఏడు నర్సింలుకు ఒక కల వచ్చింది. ఆ కలకు నాలుగు చక్రాలు, తెల్ల రంగు. భూమి అమ్మి ఒక సుమో కొని, సాఫ్ట్‌వేర్ కంపెనీ పిల్లల్ని ఇంటి నుంచి ఆఫీసుకు తిప్పే కాంట్రాక్టు పట్టాలని. కొంటానన్న పార్టీ మాత్రం మూడెకరాలూ ఇస్తేనే కొంటాను, సగమైతే వద్దన్నాడు. యాదయ్య అమ్మనన్నాడు. యాదయ్య కన్నా గట్టిగా అతని భార్య సుగుణ అమ్మనన్నది. ఆ తోటలో ప్రతి మొక్కా ఆమె చేత్తో నాటిందే, మెహదీపట్నం బజారులో ఆమె టమాటకు వేరే పేరుండేది.

నర్సింలు తిట్టలేదు, కొట్టలేదు. బోరు స్టార్టర్ డబ్బాకు తాళం వేశాడు. టమాట పిందె మీద ఉంది. వారం నీళ్ళు లేకపోతే తోట పోతుంది. తోట పోతే యాదయ్య సంతకం పెడతాడు. అంతే లెక్క.

హవల్దార్ సాబ్ కుర్చీతో వెళ్ళాడు. ఆ ఇంట రెండు, ఈ ఇంట రెండు కప్పుల తర్వాత ఒప్పందం కుదిరింది. కోత అయ్యేదాకా పొద్దున కరెంటున్నప్పుడు రెండు గంటలు నీళ్ళు యాదయ్యకు. కోత తర్వాత కూర్చుని మాట్లాడుకోవాలి. అప్పటిదాకా తాళంచెవి హవల్దార్ సాబ్ దగ్గర. ఆయన బోరు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఇరవై రోజులు, ఎండలో, గట్టు మీద, ఒక పాదం నర్సింలు సగంలో, ఒక పాదం యాదయ్య సగంలో. నేను ఒకసారి చూడ్డానికి వెళ్తే కాలు తిమ్మిరెక్కి కుంటుతున్నాడు. ఏ కాలో చెప్పలేదు. చెప్తే పక్షపాతం అవుతుందని కావచ్చు.

ఇరవయ్యొకటో రోజు కొనే పార్టీ కబురు పెట్టాడు, పదిహేను రోజుల్లో తేల్చకపోతే శంకర్‌పల్లి దిక్కు చూసుకుంటానని. నర్సింలు గట్టు మీదికి వచ్చాడు. కళ్ళలోకి చూడకుండా, కాలువ కేసి చూస్తూ అన్నాడు.

"సాబ్, నాకు సమ్మతి లేదిక. తాళంచెవి ఇచ్చెయ్, లే."

హవల్దార్ సాబ్ లేచాడు. తాళంచెవి ఇచ్చాడు. కుర్చీ మోపెడ్‌కు కట్టుకుని చక్కగా నా బల్ల దగ్గరికి వచ్చేశాడు.

నేను పెన్ను బల్ల మీద పడేశాను. "అదేంది సాబ్! ఆయన లే అంటె లేసి వస్తరా? కాయలు పండనీకి వారం ఉన్నదంట. జర గట్టిగ కూసోవద్దా?"

"సమ్మతి పోయినంక గూడ కూసుంటె దాన్ని శాంతి అనరు రైటర్ సాబ్. కబ్జా అంటరు."

కబ్జా అన్న మాటకు మా మండలంలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

మూడో రోజు సుగుణ వచ్చింది. నెత్తి మీద చిన్న గంప. అందులో ఇంకా దోరగా ఉన్న టమాటలు. ఆకులు వాలుతున్నాయని, పండే దాకా నిలవవని తెంపినట్టుంది. తిడుతుందనుకుని నేను కాగితాలు సర్దుకున్నాను. ఆమె గంప దించి, హవల్దార్ సాబ్ ముందు పెట్టింది.

"ఇరువై దినాలు మా కోసం ఎండల కూసున్నవ్ సాబ్. ఇంట్ల అక్కకియ్యి, తొక్కు నూరుతది" అని, కొంగుతో చెమట తుడుచుకుని, బస్సుకు వెళ్ళిపోయింది.

హవల్దార్ సాబ్ ఆ గంపను ముట్టుకోలేదు. బస్సు పోయిన దిక్కే చూస్తూ అన్నాడు.

"మమ్ముల్ని గూడ ఆఫ్రికల గిట్లనే లెమ్మన్నరు. ఆ దేశపోళ్ళు సమ్మతి లేదన్నరు, మా పెద్దోళ్ళు ఎనకకు రమ్మన్నరు. మేమున్న పోస్టు పక్కన అంగడి ఉండె. మేమున్నమని ధైర్యంతోని చుట్టుపక్కల ఊర్లోళ్ళు వచ్చి అమ్ముకుంటుండిరి. లారీలెక్కినం. ఆడోళ్ళు అడ్డం పడుకుంటరు, రాళ్ళేస్తరు అనుకున్నం. ఎవ్వలేం అనలే. ఒక ముసలామె వచ్చింది. గంపెడు అరటిపండ్లు లారీల వెట్టింది. తొవ్వల తినుండ్రని సైగ చేసింది."

"తర్వాత ఆ అంగడి ఏమైంది సాబ్?"

"తెల్వది. నేను అడగలే. ఆ ముసలామె తిట్టినా మంచిగుండు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బస్సులో వస్తూ నేను కిటికీలోంచి చూసిన దృశ్యం ఇది. రోడ్డు పక్కన చేతి బోరింగు దగ్గర హవల్దార్ సాబ్. అరవై రెండేళ్ళ మనిషి, ఏనుగు తొండంలాంటి ఆ బోరింగు చేయికి వేలాడుతూ నీళ్ళు కొడుతున్నాడు. మోపెడ్‌కు అటొకటి, ఇటొకటి నూనె డబ్బాలు. రెండూ నిండగానే ఎక్కి, కొంగ కాల్వ దాటినట్టు ఊగుతూ, యాదయ్య తోటకు బయల్దేరాడు. నేను బస్సు ఆపించి దిగి వెనకాల పరిగెత్తాను. ఆ రోజు నా బల్ల దగ్గర జనం నాకోసం ఏడ్చి ఉంటారు.

మొదటి డబ్బా యాదయ్య టమాటలకు పోశాడు. డబ్బాకు పది మొక్కల నాలుక తడిసింది. మొక్కలు ఎన్నో వేలు. ఆ లెక్కన తోటంతా తడవాలంటే ఈయన ఇంకో రెండు జన్మలెత్తాలి. సరే, ముసలాయన మనసు ఆగలేదు, నీలి టోపీ పక్కన పెట్టి తమ్ముడి పక్షం చేరాడని అనుకున్నాను. అప్పుడాయన రెండో డబ్బా ఎత్తుకుని, గట్టు దాటి, నర్సింలు సగంలోకి వెళ్ళాడు. అక్కడ పంట లేదు. దున్నక నాలుగు నెలలైంది. ఎండిన గడ్డి, రాళ్ళు, ఒక తెగిన చెప్పు. సరిగ్గా అంతే నీళ్ళు, అంతే ఓపికగా, ఆ రాళ్ళ మీద పోశాడు. ఖాళీ డబ్బాలతో మళ్ళీ బోరింగుకు.

యాదయ్య తల పట్టుకున్నాడు. సుగుణ, "అయ్యో సాబ్, ఆ రెండోది గూడ ఇటే పొయ్యరాదు!" అని మొత్తుకున్నది.

"పొయ్యరాదు" అన్నాడు ఆయన. "నేనేమన్న మీ పక్షమా?"

అట్లా రెండు రోజులు. ఊరంతా పని మానుకుని గట్టు మీద కూర్చుంది. బస్సులు అక్కడ స్టాపు లేకపోయినా ఆగేవి. రాళ్ళకు నీళ్ళు పోసే మనిషిని చూడ్డానికి అద్దాల మేడల నుంచి ఒక కారు కూడా వచ్చి ఆగింది. రాళ్ళ మధ్య తేమకు ఎక్కడి నుంచో రెండు కప్పలు కూడా వచ్చి కాపురం పెట్టాయి. రెండో రోజు మధ్యాహ్నానికి హవల్దార్ సాబ్ నడుము విల్లులా వంగి మళ్ళీ సాపు కాలేదు. అయినా ఒక డబ్బా ఇటు, ఒక డబ్బా అటు.

మూడో రోజు పొద్దున నర్సింలు వచ్చాడు. తన రాళ్ళ మీద నీళ్ళు పోస్తున్న మనిషి ముందు నిలబడ్డాడు.

"అండ్ల ఏమున్నదని పోస్తున్నవ్ సాబ్?"

"ఏం లేదు."

"మరెందుకు?"

"తమ్మునికి పోసి నీకు పొయ్యకుంటె రేపు నువ్వు నన్ను అడుగుతవ్ గద. ఆనికి ఎంతనో నీకూ గంతే."

నర్సింలు ఏదో అనబోయాడు. హవల్దార్ సాబ్ ఖాళీ డబ్బా ఎత్తబోతే నడుము పట్టేసి, అట్లాగే సగం వంగి నిలబడిపోయాడు. పైకీ లేవలేడు, కిందికీ పోలేడు. నర్సింలు ఆ డబ్బా ఆయన చేతిలోంచి గుంజుకుని అవతల పడేశాడు.

"ఈ ముసలోని నడుమిరిగితె కేసు నా మీదికొస్తది!" అని ఊరందరికీ వినపడేలా అరుచుకుంటూ స్టార్టర్ డబ్బా దగ్గరికి నడిచాడు. తాళం తీశాడు. పచ్చ బటన్ నొక్కాడు.

బోరు రెండుసార్లు దగ్గి, నీళ్ళు కక్కింది. ఇరవై రోజులు నీళ్ళు తాగిన కాలువ కదా, గడ్డి ఏపుగా పెరిగి ఉంది. నీళ్ళు అడ్డం పడి దారి మీదికి పొర్లాయి. నర్సింలే పార తీసుకుని, పంచె ఎగ్గట్టి, గడ్డి చెక్కుతూ నీళ్ళను తమ్ముడి తోట దాకా తోలుకుపోయాడు. గట్టు దగ్గర నిలబడి, "చూస్తవేంది, ఆ మడికట్ట తెంపరాదు!" అని కేకేశాడు. ఎవరిని అన్నాడో సుగుణకు అర్థమైంది. బతుకమ్మ పండుగ నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు.

"తెంపుతున్న బావా" అన్నది.

ఆ టమాట కోతకొచ్చింది, మెహదీపట్నం చేరింది. భూమి దక్కిందా అని అడుగుతారేమో. దక్కలేదు. రెండేళ్ళ తర్వాత ఇద్దరూ కలిసే అమ్మారు, సుగుణ కూడా సరేనన్నాకే. దస్తావేజు నేనే రాశాను. అన్నదమ్ములు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకరి కళ్ళజోడు ఒకరు పెట్టుకుని చదివారు. ఆ రోజు నా బల్ల కాళ్ళు నాలుగూ క్షేమం. కానీ హవల్దార్ సాబ్ తలపుకొస్తే నాకు ఆ దస్తావేజు గుర్తుకు రాదు. నీళ్ళు పారిన ఆ పొద్దే గుర్తుకొస్తుంది.

దారి మీదికి పొర్లిన నీళ్ళకు బురదై, మోపెడ్ సగం చక్రం దాకా దిగబడిపోయింది. వంగిన నడుముతో ఆయన్ను దాని మీద ఎట్లాగో ఎక్కించాం. ఇంటికి పోవాలంటే బండి కదలాలి. నర్సింలు ముందు నుంచి హాండిల్ పట్టుకుని వెనక్కి నెడుతున్నాడు. యాదయ్య వెనక నుంచి సీటు పట్టుకుని ముందుకు నెడుతున్నాడు. ఇద్దరూ పళ్ళు కొరుక్కుంటూ, చెమటలు కక్కుతూ, "నువ్వు జరుగు", "నువ్వే జరుగన్న" అని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. బండి మాత్రం ఉన్న చోటే ఇంకా లోతుకు దిగుతోంది. దాని మీద మధ్యలో కూర్చున్న హవల్దార్ సాబ్ ఇక తట్టుకోలేక, నేను ఆయన్ను ఎరిగిన అన్నేళ్ళలో మొట్టమొదటిసారి, గొంతెత్తి అరిచాడు.

"ఒరేయ్, ఇద్దరు ఒక్క దిక్కుకె నూకుండ్రిరా!"